48 గంటల ముందు

లండన్‌కు పడమటి కొసన, హీత్రో విమానాశ్రయం ఉన్న చోటు హిల్లింగ్‌డన్. అక్కడ 47 నుంచి 53 ఏళ్ల మధ్య వయసులో, రొమ్ము క్యాన్సర్ పరీక్షకు తొలిసారి పిలుపు అందుకున్న 2,240 మంది మహిళల మీద జరిగిన అధ్యయనం 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. అందరికీ ఎప్పటిలాగే తేదీ, సమయం రాసిన ఉత్తరం వెళ్లింది. లాటరీ తీసినట్టు విడదీసిన సగం మందికి మాత్రం, అపాయింట్‌మెంట్‌కు 48 గంటల ముందు ఫోన్లో ఓ చిన్న మెసేజ్ కూడా పంపాలనుకున్నారు. ఉత్తరంతో సరిపెట్టిన గుంపులో 59 శాతం మంది పరీక్షకు వచ్చారు. మెసేజ్ గుంపులో 64 శాతం మంది వచ్చారు.

యంత్రం అదే, ఆసుపత్రి అదే, ఉత్తరమూ అదే. తేడా తెచ్చింది ఆ చిన్న మెసేజ్. దాన్ని విప్పి, ఒక్కో భాగం ఏం చేస్తోందో చూడాలి.

మొదటిది వేళ. ఉత్తరం పరీక్షకు చాలా ముందే ఇంటికి వస్తుంది. చదివిన మనిషి వెళ్దామనే అనుకుంటుంది. ఆ తర్వాత పిల్లలు, ఉద్యోగం, ఇంటి పనులు మీద పడతాయి. ఈ మెసేజ్ వెళ్లనని తేల్చుకున్న వాళ్ల కోసం కాదు. వెళ్దామనుకుని మర్చిపోయే వాళ్ల కోసం. వారం ముందు పంపితే మళ్లీ మర్చిపోయే వీలుంది. ఆ రోజు ఉదయం పంపితే సెలవు అడగడానికి టైము ఉండదు. రెండు రోజులుంటే పై అధికారితో మాట్లాడవచ్చు, డ్యూటీ మార్చుకోవచ్చు. అసలు కుదరకపోతే ఫోన్ చేసి వేరే తేదీ అడగవచ్చు, ఖాళీ అయిన ఆ వేళ మరొకరికి దక్కుతుంది. ఆ 48 అనే అంకె వెనుక మనుషుల దినచర్య తెలిసిన వాళ్ల ఆలోచన కనబడుతుంది నాకు.

రెండోది కంటికి కనబడని భాగం, ఫోన్ నంబరు. నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. మెసేజ్ గుంపులోని 1,122 మందిలో ఫ్యామిలీ డాక్టరు దగ్గర మొబైల్ నంబరు నమోదై ఉన్నది 41 శాతం మందికే. మిగతా వాళ్లకు ఏ మెసేజూ వెళ్లలేదు. అయినా లెక్క కట్టేటప్పుడు వాళ్లను పక్కన పెట్టలేదు. మెసేజ్ అందని వాళ్లను కూడా కలుపుకుని వచ్చిన అంకె ఆ 64 శాతం. పథకం నిజ జీవితంలో ఏ మేరకు పనిచేస్తుందో చెప్పాలంటే అలాగే లెక్కించాలి, అది పరిశోధకుల నిజాయితీ. నిజంగా మెసేజ్ వెళ్లిన వాళ్లను విడిగా చూస్తే హాజరు 72 శాతం దాకా ఉంది. అందుకే ఈ పనిలో అసలు నేర్పరి ఎవరంటే, క్లినిక్ కౌంటర్లో కూర్చుని వచ్చిన ప్రతి మనిషినీ విసుగు లేకుండా “నంబరేమైనా మారిందా అండీ?” అని అడిగే ఉద్యోగి అంటాను నేను.

మూడోది, ఎవరు పిలుస్తున్నారనేది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కోసం లండన్‌లోనే జరిగిన మరో అధ్యయనంలో మాటల కూర్పును రకరకాలుగా మార్చి చూశారు. ఉత్తగా గుర్తుచేసేది ఒకటి, ఎంతమంది చేయించుకుంటున్నారో చెప్పేది ఒకటి, లాభం చెప్పేది ఒకటి, నష్టం చెప్పేది ఒకటి. 24 నుంచి 29 ఏళ్ల యువతులకు మాత్రం తమ డాక్టరు పేరు మీద మెసేజ్ పంపారు. ఆ యువతుల్లో మెసేజ్ అందనివారిలో 26.4 శాతం మంది పరీక్ష చేయించుకుంటే, అందినవారిలో 31.4 శాతం మంది చేయించుకున్నారు.

పేగు క్యాన్సర్ దగ్గర ఇదే ఉపాయం అంత బాగా పారలేదు. అక్కడ తేదీ లేదు, వెళ్లాల్సిన చోటూ లేదు. పోస్టులో వచ్చిన కిట్‌తో ఇంట్లోనే మలం నమూనా తీసి తిరిగి పంపాలి. ఎనిమిది వారాలైనా పంపని వాళ్లకు మెసేజ్ పంపితే మొత్తం మీద చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తొలిసారి కిట్ అందుకున్న వాళ్లలో మాత్రం 35 శాతం దగ్గరున్నది 40 దాటింది.

ఇక మెసేజ్‌ను మోసే పాత్ర. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లిషు అక్షరానికి 7 బిట్లు చాలు, కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు మామూలుగా ఒక్కో సంకేతానికి 16 బిట్లు కావాలి, కాబట్టి 70 మాత్రమే. పైగా మన గుణింతం, పొల్లు, సున్నా దేనికదే ఒక సంకేతం. ‘క్యాన్సర్’ అన్న మాట 9 తీసుకుంటుంది. ‘స్క్రీనింగ్’కు 11. డెబ్బై దాటితే మెసేజ్ రెండు ముక్కలవుతుంది. అతికించే సమాచారానికి కొంత చోటు పోయి ఒక్కో ముక్కకు 67 మిగులుతాయి, ఖర్చు రెట్టింపవుతుంది.

మన దేశంలో 30 ఏళ్లు దాటిన వాళ్లకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రాథమిక స్థాయిలోనే చేయాలని 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం ముందే ఇంటికి వచ్చి విషయం చెప్పి, తేదీ ఇచ్చి వెళ్లిందనుకుందాం. సోమవారం ఉదయం గుర్తుచేసే మెసేజ్ ఇలా ఉండవచ్చు:

“బుధవారం ఉదయం 10కి ఆసుపత్రికి రండి. కుదరకపోతే ఏఎన్ఎం గారికి చెప్పండి.”

ఖాళీలు, చుక్కలు కలిపి 68 సంకేతాలు. ఒక్క మెసేజ్‌లో ఒదిగింది. రోజు, వేళ ముందున్నాయి, ఎందుకంటే తాళం తీయని ఫోన్ తెర మీద తరచు కనబడేది మొదటి వరుసే. నొక్కమనే లింకు లేదు. మోసపు మెసేజ్‌ల కాలంలో తెలియని లింకు చూస్తే భయపడటం సహజం. రాలేనివాళ్లకు దారి చూపింది, ఆ దారిలో ఉన్నది ఊళ్లో ముఖం తెలిసిన మనిషి. జబ్బు పేరు ఎక్కడా లేదు. అమ్మ పేరున రాయించిన నంబరు చాలా ఇళ్లలో కొడుకు జేబులో ఉంటుంది. అతను చదివి “అమ్మా, బుధవారం ఆసుపత్రికి రమ్మన్నారు” అని చెప్పగలిగితే చాలు. ఎందుకో ఆమెకు ముందే తెలుసు.