ఆయుధాన్ని కాదు, చేతిని చూసే చట్టం

2019లో ఆయుధాల చట్టం సవరణ బిల్లు ఒక లైసెన్సుకు మూడు తుపాకుల బదులు ఒక్కటే చాలంది. తాతల తుపాకులున్నవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి రెండు దగ్గర ఆగింది. మేమూ ఆ బిల్లును తప్పుపడతాం. కారణం వేరు. అది తుపాకులను లెక్కపెట్టింది, చట్టంలోని వివక్షను ముట్టుకోలేదు.

1878 చట్టం మనవాళ్లను లైసెన్సు అడిగి, తెల్లవాళ్లను వదిలేసింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద మన్యం వీరులు పడింది తుపాకుల కోసమే. తెల్లవాళ్లు వెళ్లారు, చేతిని చూసే చూపు మిగిలింది. కొడగులో కొడవలు ఆచారం పేరున లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవచ్చు, ఆ మినహాయింపు 2029 దాకా ఉంది. అందుకు మాకు కడుపుమంట లేదు. మరి ఇటుకల పండగకు వేటకెళ్లే మా విల్లు ఆచారం కాదా? 1959 చట్టం నిర్వచనం లాఠీని, చేతికర్రను పేరుపెట్టి వదిలింది, విల్లు ఊసెత్తలేదు. నాలుగో సెక్షను కింద ప్రభుత్వం ఒక ప్రకటన ఇస్తే తుపాకీ కాని ఆయుధానికీ లైసెన్సు కావాలి.

తుపాకులు పెరగాలని మేం కోరడం లేదు. కొడగు కొండల్లో ఆచారాన్ని గుర్తించిన చట్టం మా కొండల్లోనూ గుర్తించాలి. అది రాయని బిల్లు ఎంత బిగించినా మాకు సమ్మతం కాదు.