నిరీక్షణ: ఒక పదవిచారము

నల్లగొండలో అబ్రహాము ఫ్రీసెన్ 1890లో బాప్తిస్టు మిషను నెలకొల్పెను. ఆ జిల్లాయందును మహబూబునగరు జిల్లాయందును క్రైస్తవులకు మృత్యువేళ మాట నొసగినవి తెలుగు బైబిలును, పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగువారి కీర్తనలును. ఈ కీర్తనలను వైరాగ్యగీతములుగా నెంచుట కలదు. అది మాకు సమ్మతము కాదు.

శవయాత్రలలో భజనపరులు పాడు తత్త్వములు దేహము మట్టిబొమ్మ యనియు, బంధుత్వము భ్రాంతి యనియు బోధించును. క్రైస్తవమున దేహము తిరిగి లేపబడవలసినది. కనుకనే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు దానిని విత్తనముతో పోల్చెను. వియోగమును భ్రాంతి కాదు. లాజరు సమాధికడ యేసు కన్నీరు విడిచెను. థెస్సలొనీకయులకు పౌలు వలదన్నది దుఃఖమును గాదు, నిరీక్షణ లేని దుఃఖమును.

బైబిలు అనువాదమున ఇచట 'ఆశ' యను మాట లేదు, 'నిరీక్షణ' కలదు. ఇది గమనింపదగినది. మన వాఙ్మయమున ఆశ తృష్ణకు పర్యాయము. వైరాగ్యము దానిని త్రెంచుమనును. నిరీక్షణ యనగా ఎదురుచూపు. ఎదురుచూచు కన్ను చెమర్చవచ్చును గాని మూతపడదు. చెరువెండిన యేట వానకై మింటివంక చూచు మెట్టరైతునకు ఈ భేదము బోధింప నక్కరలేదు.

కావున సమాధికడ ఏడ్చు తల్లిని విశ్వాసహీనురాలని మందలించువారు తమ గ్రంథమునే సరిగా చదువలేదని మా నిర్ణయము.