ఇద్దరూ దిగాలి

సముద్రం లోతుకి వెళ్లే డైవర్లకి మొదటి పాఠంలోనే చెప్పే నియమం ఒకటుంది. ఒక్కరే దిగకూడదు. ఎంత చేయి తిరిగినవాళ్లైనా సరే, జోడీగా పక్కన ఇంకొకరు ఉండాలి. నీళ్లలోకి దూకేముందు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి పట్టీలు, క్లిప్పులు, గాలి గొట్టాలు, సిలిండర్‌లో మిగిలిన గాలి ఇంకొకరు చూస్తారు. ఎవరి సామాను వాళ్లు చూసుకోవడం చాలదు. వీపు మీద మెలిపడిన పట్టీ ఎవరిది వాళ్లకి కనపడదు. అండమాన్‌లో మావారితో కలిసి ఆరుబయట ఒక రోజు గడిపాక ఈ నియమం గురించి చాలా ఆలోచించాను. సాహసం అనగానే మనకి తెగువ గుర్తొస్తుంది. ఆ రోజు నేను చూసిన సాహసంలో తెగువ పాలు కొంచెమే. మిగిలినదంతా పక్కమనిషి మీద పెట్టే ధ్యాసే.

మేం వెళ్లింది హావ్‌లాక్‌కి. 2018 డిసెంబరులో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. ఇప్పుడు శ్రీ విజయపురంగా మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో సుమారు రెండు గంటలు పడుతుంది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకి 1950లలో హావ్‌లాక్‌లో చోటిచ్చారు. గోవింద నగర్, శ్యామ్ నగర్, కృష్ణా నగర్, రాధానగర్ అని చాలా ఊళ్లకి కృష్ణుడి చుట్టూ తిరిగే పేర్లే. రోడ్డుకి అటూ ఇటూ వక్క తోటలు, కొబ్బరి తోటలు, వాటి వెనక దట్టమైన అడవి.

అక్కడ పొద్దు తొందరపడుతుంది. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర నుంచి పోతుంది. హావ్‌లాక్ దానికి ఇంకో పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే కాకినాడకంటే నలభై నిమిషాల ముందే అక్కడ సూర్యుడు నడినెత్తికి వస్తాడు. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. మేం వెళ్లిన మాఘమాసంలో సాయంత్రం అయిదున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకేది. ఏం చెయ్యాలన్నా తెల్లారగానే మొదలుపెట్టాలి.

ఆ దీవిలోని ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో పోవచ్చు, అడవిలో రెండు కిలోమీటర్ల దాకా నడిచీ పోవచ్చు. మేం నడిచాం. ఒకప్పుడు ఈ అడవుల్లో కలప దుంగలు లాగడానికి ఏనుగుల్ని తెచ్చారు. ఆ పేరు అలా వచ్చింది. ఒక దీవి నుంచి ఇంకో దీవికి అవి సముద్రంలో ఈదుకుంటూ వెళ్లేవి. ఆ తరం ఏనుగుల్లో పేరుపడ్డ రాజన్ 2016లో చనిపోయే దాకా హావ్‌లాక్‌లోనే ఉంది.

మావారిది వేగం నడక. మార్కెట్‌కి వెళ్లినా నాకంటే పదడుగులు ముందుంటారు. దారి చూపడానికి వచ్చిన బెంగాలీ కుర్రాడు అడవి మొదట్లోనే మమ్మల్ని ఆపి, "ఆంటీ ముందు, అంకుల్ వెనక" అన్నాడు. నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు పెట్టడం కొండల్లో, అడవుల్లో తిరిగేవాళ్ల పద్ధతి. దానికి కారణం ఉంది. వేగం ఉన్నవాళ్లు ముందుంటే మలుపు దగ్గర ఆగి ఎదురుచూస్తారు. వెనకవాళ్లు రొప్పుతూ వచ్చి చేరేసరికి వీళ్ల అలుపు తీరిపోతుంది, "వచ్చావా, పద" అని కదులుతారు. ఎక్కువ అలసినవాళ్లకే ఆగే వీలు లేకుండా పోతుంది. అలా సాగే నడకలు ఊళ్లలోనూ, గుళ్ల మెట్ల మీదా నేను చాలా చూశాను. ఆ రోజు మాత్రం దారి నా అడుగుల్ని బట్టి సాగింది.

చెట్ల మొదళ్ల దగ్గర మనిషి ఎత్తున పలకలుగా లేచిన వేళ్లని తీరిగ్గా చూశాం. తీరం దగ్గరయ్యే కొద్దీ నేల బురదై మడచెట్లు మొదలయ్యాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్లు కొన్ని వేళ్లని నిటారుగా పైకి పంపి ఊపిరి పీలుస్తాయి. వాటి మధ్య అడుగు ఎక్కడ వెయ్యాలో వెనక నుంచి ఆయన చెబుతుంటే నేను వేశాను. పోటు పూర్తిగా వస్తే దారి చివర నీళ్లు నిండుతాయని, ఆలోపు చేరాలని కుర్రాడి కంగారు. చేరాం.

ఒడ్డున స్నార్కెలింగ్, అంటే నోట్లో గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూడడం, నేర్పే మనిషి మా మాటలు విని శ్రీకాకుళం యాసలో పలకరించాడు. అండమాన్‌లో ఇది వింత కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో పదమూడు శాతం మంది మాతృభాష తెలుగు. నాకు ఈత అంతంతమాత్రం అని చెబితే అతను, "ఈత రాకపోయినా పర్లేదమ్మా, ఊపిరి తీయడం వస్తే చాలు" అన్నాడు. ఈ విద్య సారమంతా ఆ మాటలో ఉంది.

ముందు మాస్క్. దాని అంచున ఉన్న మెత్తటి సిలికాన్ చర్మానికి అతుక్కుంటేనే లోపలికి నీళ్లు రావు. ఒక్క వెంట్రుక అడ్డుపడినా నీటికి సందు దొరుకుతుంది. మీసాలున్న మగవాళ్లకి ముక్కు కింద నీళ్లు కారడం మామూలు. మావారికీ అదే అయింది. నీళ్లు కారిన కొద్దీ ఆయన పట్టీ బిగిస్తున్నారు. బిగించిన కొద్దీ అంచు మడతపడి ఇంకా కారుతోంది. ఆ మడత నాకు ఎదురుగా కనపడుతోంది, ఆయనకి కనపడే వీల్లేదు. పట్టీ వదులు చేసి, అంచుని ముక్కు వైపు కాస్త జరిపి అరచేత్తో నొక్కాను. ఆయన నా చెవి పక్కన మాస్క్ కింద ఇరుక్కున్న జుట్టు పాయని బయటికి లాగారు. అద్దాల లోపల ఉమ్మి రాసి, నీళ్లతో కడిగి పెట్టుకుంటే ఆవిరి పట్టదు. ఇన్నేళ్ల కాపురంలో ఒకరి ముఖం ఒకరం అంత దగ్గర నుంచి, అంత శ్రద్ధగా చూసుకున్న సందర్భం ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు.

ఆ తర్వాత ఊపిరి. ముక్కు మాస్క్‌లో మూతపడి ఉంటుంది, నోటితోనే తీయాలి. గొట్టంలో మనం వదిలిన గాలి కొంత మిగిలిపోతుంది. భయపడి పొట్టి ఊపిర్లు తీస్తే ఆ వాడిన గాలే లోపలికీ బయటికీ తిరుగుతుంది, ఆయాసం పెరుగుతుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. నిండుగా తీసి, నెమ్మదిగా వదిలితే ఈ చక్రం తెగిపోతుంది. ముఖం నీళ్లలో పెట్టి, లైఫ్ జాకెట్ మీద తేలుతూ, మా ఇద్దరి ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినపడకుండా కాసేపు ఊరికే ఉన్నాం.

చివరిది సైగలు. బొటనవేలు, చూపుడు వేలు కలిపి సున్నా చూపితే బాగున్నానని. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఏదో ఇబ్బంది ఉందని. బొటనవేలు పైకెత్తితే, ఒడ్డున అయితే భేష్ అని, డైవర్ల లెక్కలో ఇక పైకి పోదామని. నీళ్లలో "ఏవండీ" అని పిలిచే దారి లేదు. పొయ్యి దగ్గర నుంచి ముందుగదిలోకి కేకేసి "ఒంట్లో ఎలా ఉంది" అని అడగడం, "బాగానే ఉంది" అన్న జవాబుతో తృప్తి పడడం మన ఇళ్లలో అలవాటు. నీళ్లలో అడగాలంటే తల తిప్పి చూడాలి. చెప్పేవాళ్లూ చెయ్యి ఎత్తి చెప్పాలి. జవాబు రాకపోతే దగ్గరికి వెళ్లి తీరాలి.

ఏం చూశామంటే, ముందు విన్నాం. పటపటమని ఎవరో పటికబెల్లం కొరుకుతున్న చప్పుడు. నీటిలో శబ్దం గాలిలోకంటే నాలుగు రెట్లు వేగంగా పోతుంది, ఎటు నుంచి వస్తోందో చెవికి పట్టుబడదు. ఆయన నా చెయ్యి నొక్కి వేలు చూపించారు. ఆకుపచ్చా నీలం కలిసిన చిలకచేప ఒకటి రాయిలాంటి చచ్చిన పగడం మీది నాచుని ముక్కుతో గీకి తింటోంది. నాచుతో పాటు లోపలికి పోయిన పగడపు పిండిని అది తెల్లటి ఇసుకగా వదిలేస్తుంది. ఉష్ణమండలపు తీరాల్లో మనం కాళ్లు పెట్టి మురిసిపోయే ఇసుకలో ఈ చేపల వాటా పెద్దదే. కొంచెం అవతల ఊగుతున్న అనిమోన్ అనే సముద్రజీవి చేతుల మధ్య నుంచి నారింజ రంగు క్లౌన్ చేప బయటికొచ్చి మా వైపు చూసి మళ్లీ లోపలికి పోయింది. అది నేను ఆయనకి చూపించాను.

పగడానికి ప్రాణం ఉంది. లోపల నాచు లాంటి సూక్ష్మజీవులకి చోటిచ్చి, అవి ఎండతో వండిన ఆహారంలో వాటా తీసుకుని బతుకుతుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఆ జీవుల్ని బయటికి తోసేసి తెల్లబడుతుంది, వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున అలా తెల్లబడ్డాయి. ఇన్ని కష్టాలు పడుతున్న ప్రాణి మీద మన కాలు పడకూడదు. అలిసిపోతే పగడం మీద నిలబడకుండా పక్కవాళ్ల భుజం పట్టుకుని తేలాలి. ఆ భుజం అందేంత దూరంలో ఉండాలి. చచ్చిన ముక్క అయినా సంచిలో వేసుకోకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

నీళ్లలోంచి లేచి వచ్చాక నాకు మనసు కలుక్కుమన్న సంగతి చెప్పాలి. ఒడ్డున చెట్ల కింద మన వైపు ఆడవాళ్లు కొందరు సంచులు, చెప్పులు, ఫోన్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మగవాళ్లూ పిల్లలూ నీళ్లలో ఉన్నారు. "మీరు దిగలేదా?" అంటే ఒకావిడ, "ఎవరో ఒకరం సామాను దగ్గర ఉండాలి కదండీ" అంది. అలా ఉండేది ఎప్పుడూ ఒకరేనని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మోకాళ్ల నొప్పులున్న మగవాళ్లు ఒకరిద్దరు కూడా అలాగే కూర్చుని భార్యల ఫొటోలు తీస్తున్నారు. అయిదు నిమిషాల జెట్ స్కీకి డబ్బు కట్టినవాళ్లు పక్కమనిషికి మాస్క్ తొడిగించడానికి అరగంట కేటాయించరు. నిజానికి జోడీగా దిగడం మనకి కొత్త సంగతి కాదు. పుష్కరాలకి వెళ్లిన దంపతులు కొంగులు ముడివేసుకుని సరిగంగ స్నానాలు చేస్తారు. అక్కడ ఒకరు మునిగి ఒకరు గట్టున ఉంటే ఆ స్నానం ఎవరూ ఒప్పుకోరు. పుణ్యానికి పాటించిన పద్ధతిని ఆనందానికి ఎందుకు వదిలేశాం?

సాయంత్రం రాధానగర్ తీరానికి వెళ్లాం. 2020లో మన విశాఖ రుషికొండతో పాటే దానికి శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. పొద్దు గుంకాక గైడ్ వెంట మడ అడవి కాలువలో కయాక్ అనే సన్నటి పడవ ఎక్కాం. ఈ దీవుల మడల్లో ఉప్పునీటి మొసళ్లుంటాయి, హెచ్చరిక బోర్డుని, గైడ్ మాటని దాటకూడదు. జంట కయాక్‌లో ముందు కూర్చున్నవాళ్లు తెడ్డు వేసే వేగాన్ని బట్టి వెనకవాళ్లు వేయాలి, పడవ మళ్లించే పని కూడా వెనకవాళ్లదే. ముందువాళ్లకి వెనక ఏం జరుగుతోందో కనపడదు. వెనకవాళ్లకి ముందున్న వీపు తప్ప దారి సరిగా కనపడదు. రెండు తెడ్లూ ఒకేసారి ఒకే వైపు పడకపోతే తగులుకుంటాయి. మొదట నేను ముందు కూర్చున్నాను, తిరుగు దారిలో ఆయన. స్థానం మారాక ఇద్దరికీ రెండో పని ఎంత కష్టమో తెలిసింది. అమావాస్య దగ్గర్లో ఉంది కాబట్టి తెడ్డు పడిన చోటల్లా నీళ్లు నీలంగా మెరిశాయి. డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు నీరు కదిలితే వెలిగిస్తాయి ఆ దీపాలు.

ఇదంతా వయసులో ఉన్నవాళ్ల వ్యవహారం అనుకునే నా ఈడువాళ్లకి నా మాట. వెళ్లే ముందు మీ ఊరి ఈతకొలనులో వారం పాటు మాస్క్ పెట్టుకుని నోటితో ఊపిరి తీయడం ఇద్దరూ సాధన చెయ్యండి. గుండె జబ్బు, ఆస్తమా, చెవి బాధ ఉంటే డాక్టరుని అడగండి. అక్కడికి చేరాక ఎక్కువ చోట్లు చుట్టబెట్టే ప్యాకేజీ బదులు ఒక్క చోట తీరిగ్గా గడిపేది కోరండి. నేర్పేవాళ్లని ఇద్దరికీ విడివిడిగా నేర్పమనండి. సామాను ఎంత తక్కువ తీసుకెళితే అంత మంచిది. ఉన్న సంచిని నమ్మకమైన చోట అప్పజెప్పండి, లేకపోతే వంతులు వేసుకోండి. సంచి దగ్గర ఇంకా ఎవరైనా కూర్చునే ఉంటే వాళ్లని లేపి, మాస్క్ చేతికిచ్చి, పట్టీ మీరే సరిచెయ్యండి.