‘ఇమాజినరీ మేరీ’ – దారితప్పిన హాస్యం

ఒంటరి పిల్ల తనకోసం కల్పించుకున్న స్నేహితురాలు, ఆ పిల్ల పెద్దదై జీవితంలో స్థిరపడ్డాక మళ్ళీ వచ్చి ఎదుట నిలబడితే? హాస్యానికి ఇంతకంటే మంచి ఇతివృత్తం దొరకటం కష్టం. విషాదానికీ అంతే. 2017లో అమెరికాలో ఎ.బి.సి. టెలివిజన్ ప్రసారం చేసిన ‘ఇమాజినరీ మేరీ’ దీన్నే తీసుకున్నది. తొమ్మిది భాగాలతో ఆగిపోయింది. ఆగిపోయినందుకు నాకు విచారం లేదు. చేతికందిన వస్తువును జారవిడుచుకున్నారే అన్నదే నా బాధ.

ఆలిస్ ఎవరిమీదా ఆధారపడకుండా బతుకుతున్న స్త్రీ. విడాకులు పొంది, ముగ్గురు పిల్లలతో ఉన్న బెన్‌ను ప్రేమిస్తుంది. పిల్లలంటే ఆమెకు బెదురు. సరిగ్గా అప్పుడు మేరీ దిగుతుంది. తెల్లటి బొచ్చు జీవి, కంప్యూటరు గీసిన బొమ్మ. రేచల్ డ్రాచ్ ఇచ్చిన గొంతులో పెంకితనం బాగా పలికింది. ఆ మెప్పు ఇచ్చి తీరాలి.

కాని మేరీ ఎందుకు వచ్చింది? సొంత కాళ్ళమీద నిలబడ్డ మనిషికి మనసు విప్పి మాట్లాడటానికి ఒక ఊహ తప్ప దిక్కులేకపోవటమేమిటి? ఈ ప్రశ్నను రచయితలు తాకి వదిలేశారు. ఆలిస్ ఆ ఇంటికి తగునా అన్నదే వారి పరీక్ష. ఆమె ఒంటరి బతుకు లోపమనీ, సంసారం దానికి మందనీ ముందే తీర్పు చెప్పేసుకున్నారు.

మేరీ చేజ్ నాటకం ‘హార్వే’ గుర్తుకు వస్తుంది. 1945లో పులిట్జర్ బహుమానం పొందిన ఆ నాటకాన్ని 1950లో జేమ్స్ స్టూవర్ట్‌తో చిత్రంగా తీశారు. నడివయసు ఎల్‌వుడ్‌కు నేస్తం ఆరడుగులు దాటిన కుందేలు. చిత్తరువులో తప్ప అది మనకు కనిపించదు. మన ఊహకూ పని ఉంటుంది. ఇంట్లో ఎదిగిన పిల్ల ఉంది, ఈ కుందేలు గొడవతో సంబంధం కుదరదేమోనని అతని సోదరి బెంగ! (ఈ బెంగ మన ఇళ్ళలో ఎవరికి తెలియదు?) అతన్ని పిచ్చాసుపత్రిలో పెట్టి సూదిమందు ఇప్పించబోతుంది. ఆ మందు పడ్డవాళ్ళు అందరిలాంటి మనుషులై, చిరచిరలాడుతూ తిరిగివస్తారని టాక్సీ డ్రైవరు చెప్పాక గాని ఆమె కళ్ళు తెరుచుకోవు. అక్కడ పరీక్షకు నిలబడింది ఎల్‌వుడ్ కాదు, అతని చుట్టూ ఉన్న లోకం.

చిన్నతనంలో మా వీధి అరుగుమీద నేనూ ఒకడితో కబుర్లు చెప్పేవాణ్ణి. వాడి పేరు ఇక్కడ రాయను. వాడు ఇప్పుడు తిరిగివస్తే, ఎవరింట్లో ఎలా మెలగాలో సలహాలివ్వడు. “ఇన్నేళ్ళూ ఎవరితో మాట్లాడుతున్నావురా?” అంటాడు. మేరీ ఆలిస్‌ను అడగవలసింది ఆ మాటే.