గడువు లేని చెర – బెహ్రూజ్ బూచానీ గ్రంథ విమర్శ

చెరసాల తెలుగు సాహిత్యమునకు క్రొత్త కాదు. గోలకొండ బందీఖానాలో రామదాసు రాముని వేడుకొనెను, నిష్ఠురములాడెను. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు ‘మాలపల్లి’ని వేలూరు కారాగారమున రచించిరి. ఒకరికి మొర వినునను నమ్మకముగల దైవము కలడు. వేరొకరికి శిక్షాకాలమింత యను నిర్ణయము కలదు. ఈ రెండును లేనివాని మనస్సేమగునో తెలుపు గ్రంథము బెహ్రూజ్ బూచానీ రచించిన ‘నో ఫ్రెండ్ బట్ ది మౌంటెన్స్’. కొండలు తప్ప నేస్తము లేదను కుర్దుల సామెతనుండి ఈ పేరు పుట్టినది.

బూచానీ ఇరాను దేశపు కుర్దు పాత్రికేయుడు. 2013లో స్వదేశము విడిచి, ఇండోనేషియానుండి పడవలో ఆస్ట్రేలియాకు బయలుదేరెను. ఆ యేడు జూలై 19న ఆస్ట్రేలియా ప్రభుత్వము, పడవలపై వచ్చు శరణార్థుల నెవ్వరిని తమ గడ్డపై స్థిరపడనీయమని ప్రకటించెను. ఆయనను పాపువా న్యూగినీలోని మానుస్ ద్వీపపు శిబిరమునకు పంపిరి. ఆ నిర్బంధము రాజ్యాంగవిరుద్ధమని 2016 ఏప్రిల్‌లో పాపువా న్యూగినీ అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినను, ఆయన ఆ దేశమునుండి బయటపడినది 2019 నవంబరులోనే. ఈ గ్రంథము చేతిఫోనులో ఫార్సీ సందేశములుగా వెలుపలికి చేరినది. ఓమిద్ తోఫీఘియన్ ఆంగ్లీకరింపగా 2018లో ప్రచురితమై, 2019 జనవరిలో విక్టోరియా రాష్ట్ర సాహిత్య బహుమానమును పొందినది. బహుమానమిచ్చిన గడ్డపై కాలుమోపుటకు గ్రంథకర్తకు నాడు అనుమతి లేకుండెను!

గ్రంథమున హింసాకాండకంటె వరుసలకే ఎక్కువ చోటు దక్కినది. భోజనమునకు వరుస, మందులకు వరుస, మరుగుదొడ్డికి వరుస. మరణశయ్యపైనున్న తండ్రితో మాటాడగోరిన యొక బందీకి, వంతు రాలేదను కారణమున టెలిఫోను దొరకదు. అడిగినవారెల్ల పైవారి ఆజ్ఞయందురు. ఆ పైవాడెన్నడును కనబడడు. నిష్ఠురమాడుటకైనను ఎదుట ఒకడుండవలెను గదా! వేరొకచోట కొందరు బందీలు ప్లాస్టిక్ బల్లపై పాచికలాట గడులు గీచి, నీళ్లసీసాల మూతలను కాయలుగా చేసికొందురు. కావలివారు ఆ గడులను కొట్టివేసి, ఆటలు నిషిద్ధమని వ్రాయుదురు. ఆ ఆటవలన ఎవరికి నష్టము? కాలమును తమదిగా చేసికొనుటయే అక్కడ అపరాధమని ఈ చిన్న ఘట్టము దీర్ఘోపన్యాసముకంటె స్పష్టముగా చెప్పుచున్నది.

ఆంగ్లమున వచనము మాటిమాటికి పద్యఖండికలుగా విరుగును. అది బందీ మనస్సు విరిగిన చప్పుడేయని పాఠకుడు తలంపవచ్చును. కాని ఆ విరుపులలో అనువాదకుని చేయి కలదు. ఆ సంగతి ఆయనయే తెలిపెను. కావున పద్యరూపమును మనోవ్యథకు సాక్ష్యముగా గొనరాదు. నిజమైన సాక్ష్యము పునరుక్తియందున్నది. అదే ఎండ, అదే కంచె, అదే వరుస మరల మరల వచ్చును. పునరుక్తి దోషమని మన ఆలంకారికులు చెప్పిరి. ఇక్కడ అది దోషము కాదు, వస్తువే. ఆ పుటలు మనకు కలిగించు విసుగు, గడువెరుగని నిరీక్షణములో వేయింటనొక వంతు.

2016లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ తరఫున వెళ్లిన వైద్యనిపుణులు, మానుస్‌లో తాము పరీక్షించినవారిలో 80 శాతమునకు మించి మనోవ్యాధిపీడితులని కనుగొనిరి. ఎందరు కుంగిరో అంకె చెప్పును. ఎట్లు కుంగిరో ఈ గ్రంథము చెప్పును. రెండును కావలెను.

గ్రంథమున లోపము లేకపోలేదు. అందరికంటె ముందు భోజనపు వరుసలో నిలుచు తోటి బందీని ‘ఆవు’ అని పిలుచుటలో నిర్దయ కలదు. ఆకలి చేసిన పనికి మనిషిని ఎగతాళి చేయుట న్యాయము కాదు. అయినను శిబిరము పెట్టిన సంఖ్యకును, బందీ పెట్టిన మారుపేరునకును భేదము కలదు. సంఖ్య ఎవరికైనను సరిపోవును. మారుపేరు చూచినవాడే పెట్టగలడు. 2014 ఫిబ్రవరి అల్లరులలో చంపబడిన రెజా బరాతీని ‘సౌమ్యుడగు మహాకాయు’డని పిలిచిన చోట ఆ చూపు స్నేహమగును.

బూచానీ మాతృభాష కుర్దు, వ్రాసినది ఫార్సీ, లోకము చదివినది ఆంగ్లము. ఇంటి భాష ఒకటియు బడి భాష మరొకటియునైన రాష్ట్రేతరాంధ్రులకు ఈ దూరము కొంత తెలియును. అయినను మన స్థితిని ఆ చెరతో పోల్చుట తగదు. మనలను ఇరుగుపొరుగు పేరుపెట్టియే పిలుతురు.

2020 జూలైలో న్యూజీలాండు ఆయనను శరణార్థిగా అంగీకరించినది. కథ సుఖాంతమని ఇంతటితో గ్రంథమును మూయరాదు. దీర్ఘకాలము నిర్బంధింపబడిన మాండియన్ శరణార్థులకు విడుదలైన యేండ్ల తరువాతను మనోవ్యథ తీరలేదని, 2006లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన చూపినది. గడువు చెప్పక బంధించిన ప్రభుత్వము తలుపు తీసిననాడు తన ఋణము తీరినదనుకొనవచ్చును. బయటికి వచ్చినవానికి తీరలేదు.