పొగ రంగు

పాత డీజిల్ బండిని ఇంటి దగ్గర చూసుకోవడమంటే ఇంజన్ విప్పడమేనని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో ఇంటివాళ్ళ పని దాన్ని విప్పే అవసరం రాకుండా చూడటం. అందుకు పానాల పెట్టె కంటే ముందు కావలసినవి శుభ్రమైన గుడ్డ, జాలీ ఉన్న గరాటు, కాస్త ఓపిక.

మా ఇంట్లో ఉన్నది పాత మహీంద్రా జీపు. పెదనాన్న కొన్నది. విత్తనాల బస్తాలు, పెళ్ళివారు, పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్లలు, అందరూ అందులోనే ప్రయాణం చేశారు. దానికి కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. సెల్ఫ్ కొట్టి ఇంజన్ అందుకున్నాక కరెంటుతో పనిలేకుండా ఆడుతుంది. ఆపాలంటే డాష్‌బోర్డు కింద ఉన్న తీగ లాగాలి.

డీజిల్ ఇంజన్‌లో రవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ ఇంచుమించు 20వ వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి కాగిపోతుంది. నాజిల్ సన్నటి తుంపరగా చిమ్మిన డీజిల్ అందులో పడి తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన సూత్రం ఇదే. మా ఊరి మెకానిక్ ఇంకా తేలిగ్గా చెబుతాడు: "మంచి గాలీ, మంచి డీజిలూ అందితే అది ఆడక ఏం చేస్తుందండీ?"

ఆ 'మంచి' డీజిల్ దగ్గరే అసలు కథంతా ఉంది. నాజిళ్ళకు డీజిల్ నెట్టే పంపు లోపల ప్లంజరుకూ దాని బ్యారల్‌కూ మధ్య సందు 2, 3 మైక్రాన్లకు మించదు. తల వెంట్రుక మందం 50 మైక్రాన్ల పైమాటే. అంత ఇరుకులో నూనె పని కూడా డీజిలే చేస్తుంది. అక్కడికి నీటిచుక్క వెళ్తే తుప్పు, ఇసుక రేణువు వెళ్తే గీత. నాజిల్ గతి కూడా అంతే. పెద్ద ఖర్చులన్నీ ఆ రెండిటి దగ్గరే పుడతాయి.

గోదావరి జిల్లాల వానాకాలంలో సగం ఖాళీగా ఉన్న టాంకులో రాత్రికి రాత్రి తేమ చుక్కలై కిందికి దిగుతుంది. అందుకే ముసురు పట్టిన రోజుల్లో టాంకు నిండుగా ఉంచుతాం. కోతలప్పుడు డ్రమ్ములో తెచ్చిపెట్టిన డీజిల్‌ను వెంటనే పొయ్యం. ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైనున్న తేట మాత్రమే తీసుకుంటాం. ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి కాస్త పట్టి చూస్తే నీళ్ళుంటే అడుగున వేరుగా కనిపిస్తాయి.

ఫిల్టర్ మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. తిప్పి బిగించే రకం ఫిల్టర్‌ను ముందే డీజిల్‌తో నింపేవాళ్ళు చాలామంది మధ్య రంధ్రంలో పోసేస్తారు. వడకట్టిన డీజిల్ బయటికి వెళ్ళే దారి అది. అక్కడ పోసింది వడపోత లేకుండా నేరుగా పంపులోకి పోతుంది. ఖాళీ ఫిల్టరే బిగించి, చేతిపంపు కొట్టి నింపుకోవడం మేలు.

ఆ తర్వాత ఎయిర్ తీయాలి. ఈ పని నాకు ఎంతో ఇష్టం. ఫిల్టర్ పైనున్న స్క్రూ కొద్దిగా వదులు చేసి చేతిపంపు కొడుతుంటే మొదట గాలి చీదుతుంది, తర్వాత నురగ వస్తుంది, ఆఖరికి బుడగ లేని డీజిల్ ధార. ధార రాగానే, పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. ఇంజన్ ఇంకా అందుకోకపోతే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటీ అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టించాలి. డీజిల్ చిమ్మిన పైపును వెంటనే బిగించెయ్యాలి. మొదట ఒక సిలిండర్ దడదడలాడుతుంది, తర్వాత రెండోది తోడవుతుంది, కాసేపట్లో నాలుగూ ఒక లయలో పడతాయి. ఏ సిలిండర్ ఎప్పుడు కలిసిందో చెవికి తెలుస్తుంది.

ఆ పైపుల్లో లీకు ఉందేమోనని నడుస్తున్న ఇంజన్ మీద వేలు పెట్టి తడమకూడదు. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి 100 బార్ల పైనే. అంత వేగంగా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంతే కనిపించినా వేలు పోయేంత ప్రమాదం, క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టాలి. అలాగే ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరకూడదు, స్టాండ్లు ఉండి తీరాలి. పంపు, నాజిళ్ళ జోలికి మేము వెళ్ళం. టెస్ట్ బెంచి ఉన్న పంపు షాపుకే పంపిస్తాం. ఇంట్లో నాజిల్ సూదిని గుడ్డతో తుడిచి మళ్ళీ బిగించడాన్ని నేను రిపేరు కింద లెక్కపెట్టను.

ఇక పొగ. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి, మన మట్టిరోడ్ల దుమ్ముకు సగం సందర్భాల్లో జవాబు అక్కడే దొరుకుతుంది. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

నల్లపొగ కక్కే బండిని పాతదన్న మమకారంతో రోడ్డెక్కించే హక్కు ఎవరికీ లేదని నా గట్టి నమ్మకం. వెనక స్కూటరు మీద వచ్చేవాళ్ళు ఆ మసిని పీలుస్తారు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లు మసిని పట్టి ఉంచే ఫిల్టర్లతో, 10 పీపీఎం గంధకం మించని డీజిల్‌తో నడుస్తున్నాయి. వాటితో మా జీపు పోటీపడలేదు. అందుకే దాన్ని పొలానికి, పక్క ఊళ్ళకు మాత్రమే తీస్తున్నాం. 15 ఏళ్ళు దాటిన బండికి 5 ఏళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. దానికి ముందు తనిఖీ ఉంటుంది. ఆ ముందురోజు హడావుడిగా నాజిళ్ళు మార్చి గట్టెక్కేవాళ్ళను చూశాను. మిగతా ఐదేళ్ళూ ఆ పొగ ఊరు పీల్చాల్సిందేనా?

సంక్రాంతికి పిల్లలంతా వస్తారు. ఈలోగా ఫీలర్ గేజితో టాపెట్లు చూసుకోవాలి, కీలు ఉన్నచోటల్లా గ్రీజు కొట్టాలి. వెనక కమాన్ కట్టలో ఒక పట్టీ విరిగింది. దాని కోసం విజయవాడ ఆటోనగర్‌కు కబురు పెట్టాం.