రెండు గడియారాల నవల

ఈ వారం హిందూపురంలో బండెక్కి ధర్మవరం పోతున్నాను. ఎదురు సీట్లో కాలేజీ కుర్రాడొకడు ఫోన్లో కాలయంత్రం సినిమా ‘ఆదిత్య 369’ చూస్తున్నాడు. చూసుకోనీ, నాకేం నష్టం? కానీ ఐదు నిమిషాలకోసారి బొమ్మ ఆపి పక్కనున్న స్నేహితుడికి తప్పులు చూపిస్తున్నాడు. రాయలవారి కొలువులో మాటలు మనోడికి ఎట్ల అర్థమవుతాయిరా? కాలం మారితే సరే, ఊరెట్ల మారిందిరా? చివరికి నా వైపు తిరిగి, ‘మీరే చెప్పండి సార్, ఇందులో లాజిక్ యాడుంది?’ అన్నాడు. హిందూపురంలో ఉంటూ బాలకృష్ణ సినిమాకు వంకలు పెడుతున్నాడంటే ధైర్యవంతుడే.

లాజిక్కు వేటగాళ్ల మీద నా చిరాకు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. కథలో బొక్కలు లెక్కపెట్టడం విమర్శ అనిపించుకోదని ఎన్నిసార్లు రాశానో. ఈ వారమూ అదే రాద్దామని కూర్చున్నాను. అయితే ఆ సినిమాకు తాతగారి లాంటి నవల, హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’, నా దారికి అడ్డం పడింది.

ఆ నవల నేను డిగ్రీ రోజుల్లో చదివాను. ఆ రోజుల్లోనే స్నేహితులతో పెనుకొండ పోయి గగన్ మహల్ ఎక్కినట్టు గుర్తు. గోడకు చెయ్యి ఆనిస్తే సున్నం పొడి అంటుకునేది. ఒకచోట గార ఊడిపోయి లోపలి రాయి కనబడుతుండేది. 1565 యుద్ధంలో విజయనగరం కూలాక తిరుమల రాయలు రాజధానిని మార్చింది ఈ పెనుకొండకే. అంటే ఆ కట్టడాల వయసు మహా అయితే ఐదారు వందల ఏళ్లు. ఇక వెల్స్ కథానాయకుడు దిగేది ఏ సంవత్సరంలో? 8,02,701లో. అక్కడ పచ్చ పింగాణీ భవనమొకటి శిథిలంగానైనా నిలబడే ఉంటుంది. అది పాతకాలపు మ్యూజియం. దాంట్లో గాలి చొరబడని పెట్టెలో అగ్గిపెట్టె దొరుకుతుంది, పుల్ల గీస్తే వెలుగుతుంది! మూత బిగించిన జాడీలో కర్పూరమూ దొరుకుతుంది. మా ఇంట్లో దేవుడి గూట్లో కర్పూరం డబ్బా మూత కాస్త వదులైతే దసరాకు కొన్నది సంక్రాంతికి ఉండదు. అది చదివి ఆ రోజుల్లో పడీపడీ నవ్వుకున్నాను. వెల్స్ అంతటివాడు ఇంత చిన్న సంగతి చూసుకోలేదే అని.

ఆ చిన్న సంగతినే పట్టుకుని కూర్చున్న పెద్దమనిషి ప్యాట్రిక్ ప్యారిండర్. ఇంగ్లండులో రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ప్రొఫెసరుగా పనిచేశాడు. సైన్స్ ఫిక్షన్‌ను పిల్లల కాలక్షేపమని మేధావులు పక్కన పెడుతున్న రోజుల్లోనే దాన్నెలా చదవాలో, ఎలా పాఠం చెప్పాలో పుస్తకం రాశాడు. 1995లో వెల్స్ మీద ‘షాడోస్ ఆఫ్ ది ఫ్యూచర్’, 2006లో ఇంగ్లీషు నవల పుట్టుక నుంచి నేటిదాకా ఆ జాతి తనను తాను ఎలా ఊహించుకుందో చెప్పే ‘నేషన్ అండ్ నావెల్’ తెచ్చాడు. డికెన్సును చదివే శ్రద్ధతోనే మార్షియన్ల కథనూ చదివే మనిషి.

ఆయన చూపించేదేమంటే, ‘టైమ్ మెషీన్’లో రెండు కాలాలు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకటి రాజ్యాల కాలం. కోటలు కూలడం, మ్యూజియాలు దుమ్ము పట్టడం, అన్నీ వందల ఏళ్ల లెక్క. రెండోది ప్రాణుల కాలం. మనుషులు రెండు జాతులుగా చీలి, పైన సుకుమారులైన ఎలాయ్‌లు, కింద చీకట్లో మోర్లాక్‌లు కావాలంటే వందలు చాలవు, లక్షలు కావాలి. వెల్స్ జీవశాస్త్రం నేర్చుకున్నది డార్విన్ పక్షాన నిలబడి వాదించిన టి.హెచ్. హక్స్‌లీ దగ్గర. ధనిక, పేద తేడా ఎంతదాకా పోతుందో చూపించడానికి వెల్స్‌కు ఆ లక్షలూ కావాలి. పాఠకుడి గుండె ఝల్లుమనడానికి గుర్తుపట్టగలిగే శిథిలమూ కావాలి. అందుకే రెండు గడియారాలూ ఒకే గోడకు తగిలించాడు. నేను నవ్వుకున్న అగ్గిపుల్ల ఆ రెంటి మధ్యా వెలుగుతోందన్నమాట.

ఇంతకీ ప్యారిండర్ మొదలుపెట్టింది ఎక్కడ? లెక్క కుదరని చోట. రైల్లో కుర్రాడు మొదలుపెట్టిందీ అక్కడే. మన కట్టమంచి రామలింగారెడ్డి మాత్రం? (అవును, మళ్లీ కట్టమంచే. మా బుక్కరాయసముద్రం చెరువుకట్ట కథను ‘ముసలమ్మ మరణము’ చేసిన మనిషిని నేను వదలను.) 1914లో వచ్చిన ‘కవిత్వతత్త్వ విచారము’లో పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ కథ అల్లికను విప్పి చూసింది ఏది దేనికి అతికింది, ఏది అతకలేదు అన్న చూపుతోనే. వర్ణనలకు మురిసిపోవడమే విమర్శ అనుకునే రోజుల్లో అది పెద్ద దురుసుతనం. వంక పెట్టడం తప్పు కాదు. అది దొరికాక ‘ఎందుకిలా?’ అని ఇంకొక్క ప్రశ్న వెయ్యాలి, అంతే.

ఆ ప్రశ్న ‘ఆదిత్య 369’కే వేసి చూద్దాం. 1991లో సింగీతం శ్రీనివాసరావు నడిపిన యంత్రం వెనక్కి 1526కు పోయింది, ముందుకు 2504కు పోయింది. అటు 465 ఏళ్లు, ఇటు 513. రెండు వైపులా రాజ్యాల కాలమే. 2504లో లోకం అణుధార్మికతతో పాడైపోయింది, మనిషి మాత్రం మనలాగే ఉన్నాడు. మొన్న 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఎ.డి.’ సంగతీ అంతే. కురుక్షేత్రం నుంచి ఆరు వేల ఏళ్లు గడిచినా అశ్వత్థామ అశ్వత్థామే, కాశీ కాశీయే. హక్స్‌లీ గడియారం మన గోడ మీద లేదు. మనది యుగాల లెక్క. అందులో ధర్మం ఒక్కో పాదం పోగొట్టుకుంటుంది కానీ మనిషి ఇంకో జంతువు కాడు.

ఇంకొకటి కూడా. ‘ఆదిత్య 369’ యంత్రం 1526లో ఆగకుండా మరో ముప్పైతొమ్మిదేళ్లు ఇవతలికి వచ్చి ఉంటే? రత్నాల అంగళ్లు కాదు, ఖజానా ఏనుగుల మీద వేసుకుని పెనుకొండ దారి పట్టిన తిరుమల రాయలు కనిపించేవాడు. తెలుగు సినిమా అక్కడ దిగదు. ఎందుకు దిగదో ఎవరైనా పీహెచ్‌డీ కుర్రాడు రాస్తానంటే, కోట ఎక్కేటప్పుడు నేనూ వెంట వస్తాను, మోకాళ్లు ఒప్పుకుంటే.